కరెంటు బిల్లు: వాడ చదవాల్సిన కాగితం

మన వాడలకి ప్రతి నెలా తప్పకుండా వచ్చే సర్కారీ కాగితం ఒకటుంది. అది పట్టా కాదు, రేషను కార్డు కాదు, కులం సర్టిఫికెట్ అసలే కాదు. వాటి కోసం మనమే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పిలవకపోయినా ఇంటికొచ్చే కాగితం కరెంటు బిల్లు. దాని అడుగున ఉన్న మొత్తం చూసి, కట్టగలిగితే కట్టి, లేకపోతే గూట్లో పెట్టేస్తాం. పైన ఉన్న వరసలు చదవం. చదవడం ఎట్లాగో మనకెవరూ చెప్పలేదు. ఆ వరసల్లోనే మన వాడ మీద రాజ్యానికున్న లెక్క అంతా ఉంది. మనమెంత కాల్చాం, ఒక్కో యూనిట్‌కి ఎంత కట్టాం, ప్రభుత్వం మన పేరు మీద ఎంత కడుతోంది, పాత బాకీ అని ఏం చూపిస్తున్నారు, ఇవన్నీ అక్కడ తేలతాయి.

"కాలనీ వాళ్లు కరెంటు బిల్లు కట్టరు" అనే మాట ఊళ్లో వినిపిస్తుంది, కరెంటాఫీసులో వినిపిస్తుంది. ఈ మాటకి జవాబు చెప్పాలంటే ఆవేశం ఒక్కటే చాలదు, లెక్క కావాలి. ఆ లెక్కని, దాని వెనకున్న చట్టాన్ని వాడల్లో పనిచేసే కార్యకర్తలకీ, విద్యార్థులకీ, టీచర్లకీ పనికొచ్చేలా విడమర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

వెలుగు ఎవరి ప్రశ్న?

కరెంటు సంగతి దళిత ఉద్యమానికి పక్క విషయం అనుకునేవాళ్లున్నారు. అంబేడ్కర్ అట్లా అనుకోలేదు. 1942 జూలైలో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యాడు. విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేది. 1943లో ప్రజాపనులు, విద్యుత్తు మీద వేసిన విధాన సంఘానికి అధ్యక్షుడిగా ఆయన మొదట అడిగిన ప్రశ్న, విద్యుత్తు ప్రైవేటు వాళ్ల చేతిలో ఉండాలా, రాజ్యం చేతిలో ఉండాలా అని. చవగ్గా, పుష్కలంగా కరెంటు దొరక్కపోతే పరిశ్రమలు రావని, పరిశ్రమలు రాకపోతే భూమి మీద పడి బతికే జనానికి దరిద్రం నుంచి విముక్తి లేదని ఆయన వాదన. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది కూడా ఆయన శాఖ చూసిన పనిలో భాగంగానే.

ఆయన "చవక", "పుష్కలం" అనే రెండు మాటల్నీ కలిపే చెప్పాడు. వాడకి ఆ రెండూ అందలేదు. ఊరూ వాడా వేరువేరుగా ఉన్న చోట కరెంటు లైను ముందు ఊళ్లోకి వచ్చింది, ఆ తర్వాతే వాడకి సాగింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగ ఎంత దూరం పోతే చివర వోల్టేజి అంత పడిపోతుంది. ఇది ఇంజనీరింగ్ సూత్రం. కానీ ఆ చివరన ఎవరున్నారన్నది ఇంజనీరింగ్ నిర్ణయించలేదు, కులం నిర్ణయించింది. సాయంత్రం ఊళ్లో ఫ్యాను తిరుగుతుంటే వాడలో బల్బు మిణుకుమిణుకుమంటుందంటే కారణం ఇదే.

1988-89లో కేంద్రం కుటీర జ్యోతి పథకం పెట్టింది. హరిజన, ఆదివాసీ కుటుంబాలతో సహా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇళ్లకి ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చే పథకం అది. "ఒక్క బల్బు" అన్న మాటని గమనించాలి. వాడ ఇంటికి ఒక దీపం చాలు, ఫ్యాను, మిక్సీ, మోటారు అక్కర్లేదు అనే అంచనా ఆ పథకంలోనే ఉంది. ఆ తర్వాత 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం, 2017లో సౌభాగ్య వచ్చాయి. సౌభాగ్యలో 2011 సామాజిక ఆర్థిక సర్వే జాబితాలో ఉన్న పేదలకి కనెక్షన్ ఉచితం. జాబితాలో లేనివాళ్లకి 500 రూపాయలు, అదీ బిల్లుతో పాటు పది వాయిదాల్లో. తీగ ఇంటిదాకా రావడం ఒక పోరాటమైతే, వచ్చిన తీగ తెగకుండా ఉండటం ఇంకో పోరాటం. ఇప్పుడు మనమున్నది ఆ రెండోదాంట్లో.

బోర్డు నుంచి కంపెనీల దాకా

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. కరెంటు తయారుచేయడం, మోసుకురావడం, ఇళ్లకి ఇవ్వడం, ధర కట్టడం అన్నీ బోర్డే చేసేది. 1998లో రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. దాని వెనక ప్రపంచ బ్యాంకు రుణమూ ఉంది, షరతులూ ఉన్నాయి. 1999లో బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. 2000లో పంపిణీ పనిని నాలుగు కంపెనీలకిచ్చారు. ధర నిర్ణయించే పని విద్యుత్ నియంత్రణ మండలికి, అంటే ఈఆర్‌సీకి పోయింది.

ఆ మండలి తొలి టారిఫ్ ఉత్తర్వు 2000 మే నెలలో వచ్చింది. ఛార్జీలు పెరిగాయి. రాష్ట్రమంతా కదిలింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. కరెంటు బిల్లు రాజకీయ ప్రశ్న అని ఈ రాష్ట్రం రక్తం పెట్టి నేర్చుకుంది.

రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణకి దక్షిణ, ఉత్తర పంపిణీ కంపెనీలు, ఆంధ్రకి తూర్పు, దక్షిణ కంపెనీలు వచ్చాయి. తర్వాత విజయవాడ కేంద్రంగా మధ్య కంపెనీ కూడా ఏర్పడింది. ఇవికాక సిరిసిల్ల లాంటి చోట 1970 నుంచి సహకార విద్యుత్ సంఘం పనిచేస్తోంది. మన బిల్లు మీద ఏ సంస్థ పేరుందో ముందు అది చూసుకోవాలి. అర్జీ పోవాల్సింది ఆ సంస్థకే.

2003లో దేశమంతటికీ కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. ఇక్కడ నుంచి చెప్పబోయే సెక్షన్లన్నీ ఆ చట్టంలోవే.

బిల్లులో ఏముంది?

బిల్లు పైభాగంలో సర్వీసు నంబరు, పేరు, కేటగిరీ, పాత రీడింగు, కొత్త రీడింగు, తేదీలు ఉంటాయి. కింద డబ్బు లెక్క ఉంటుంది. కాల్చిన యూనిట్లకి ఎనర్జీ ఛార్జి, లోడుని బట్టి ఫిక్స్‌డ్ ఛార్జి, కస్టమర్ ఛార్జి, యూనిట్‌కి 6 పైసల విద్యుత్ సుంకం. దాని తర్వాత సర్దుబాటు ఛార్జీలు, అదనపు డిపాజిట్, పాత బాకీ. ఇందులో పేదవాడి నడ్డి విరిచేవి మూడు: స్లాబు, సర్దుబాటు, బాకీ.

ముందు స్లాబు సంగతి. తెలంగాణలో 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం నెలకి 100 యూనిట్ల లోపు కాల్చే ఇంటికి మొదటి 50 యూనిట్లకి యూనిట్ 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. 100 దాటితే ఆ ఇల్లు వేరే గుంపులోకి పోతుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచీ 3.40 చొప్పున, 100 పైన 4.80 చొప్పున లెక్క. 200 దాటితే మొదటి 200కీ 5.10, ఆ పైన 300 దాకా 7.70. దీన్ని లెక్కేసి చూద్దాం. 100 యూనిట్లకి ఎనర్జీ ఛార్జి 252 రూపాయల 50 పైసలు. 101 యూనిట్లకి 344 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే 92 రూపాయల 30 పైసలు పెరిగింది. 200 యూనిట్లకి 820, 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు.

ఆంధ్రలో అదే 2022-23లో ఈ గుంపుల పద్ధతి తీసేశారు. మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఇక్కడ స్లాబు దాటినా దాటిన యూనిట్లకే ఎక్కువ ధర పడుతుంది, కింది యూనిట్ల ధర మారదు. 125 యూనిట్లకి 417 అయితే 126కి 423. రెండు రాష్ట్రాల పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూస్తే గుంపు మారడం అంటే ఏమిటో తెలుస్తుంది.

దీంట్లో వాడకి రెండు చిక్కులున్నాయి. ఒకటి, రీడింగు తేదీ. రోజుకి 3 యూనిట్లు కాల్చే ఇంట్లో 30 రోజులకి రీడింగు తీస్తే 90 యూనిట్లు, తెలంగాణ ధరలో 221 రూపాయల 50 పైసలు. రీడింగు తీసేవాళ్లు 35 రోజులకి వస్తే 105 యూనిట్లు. రోజుల్ని సర్దుబాటు చేయకుండా బిల్లు కొడితే 364 రూపాయలు. నిజానికి ఐదు రోజులు ఎక్కువైనందుకు 258 దగ్గర్లో రావాలి. వంద రూపాయల పైన తేడా వచ్చేది ఇంటివాళ్ల తప్పు వల్ల కాదు, రీడింగు ఆలస్యం వల్ల. అందుకే బిల్లు రాగానే పోయిన బిల్లు తేదీ, ఈ బిల్లు తేదీ మధ్య రోజులు లెక్కపెట్టాలి. 30 దాటితే స్లాబుని ఆ రోజులకి తగ్గట్టు సర్దారా లేదా అని రాతలో అడగాలి.

రెండోది, ఉమ్మడి మీటరు. వాడలో కొడుకు పెళ్లయితే పక్కన ఒక గది వేసుకుంటాడు, మీటరు మాత్రం తండ్రిదే. చెరి 90 యూనిట్లు కాల్చే రెండు సంసారాలు విడి మీటర్లతో ఉంటే ఇద్దరికీ కలిపి ఎనర్జీ ఛార్జి 443 రూపాయలు. ఒకే మీటరు మీద 180 యూనిట్లయితే 724. జాగా లేక కలిసి ఉన్నందుకు నెలకి 281 రూపాయల జరిమానా. విడి వంట, విడి వాకిలి ఉన్న సంసారానికి విడి సర్వీసు అడగడం ఇక్కడ చేయదగ్గ పని.

ఇక సర్దుబాటు. కంపెనీ ముందు వేసిన అంచనా కంటే కరెంటు కొనుగోలు ఖర్చు ఎక్కువైతే ఆ తేడాని తర్వాత మన మీద వేస్తారు. ట్రూ-అప్ అనీ, ఇంధన సర్దుబాటు అనీ బిల్లులో కనిపించేది అదే. ఆంధ్రలో 2023 నుంచి యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా వసూలు చేసుకునే వీలు కల్పించారు. అది చాలని భాగం తర్వాత మండలి ఉత్తర్వుతో వస్తుంది. 2022-23 సంవత్సరానికి అట్లా 6,072 కోట్లు వసూలు చేసుకోమని 2024 అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది. రెండేళ్ల కింద కాల్చిన కరెంటుకి ఇవాళ ధర పెరుగుతుందన్నమాట. దినకూలీ మీద బతికే మనిషి రెండేళ్ల కిందటి కూలికి ఇవాళ తేడా అడగగలడా?

ఉచితం ఎవరి డబ్బు?

2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి నెలకి 50 యూనిట్ల దాకా ఉచితం అన్నారు. తెలంగాణలో అది 101 యూనిట్లయింది. ఆంధ్రలో 2019లో 200 యూనిట్లకి పెంచారు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పేరుతో, రేషను కార్డున్న ఇళ్లకి కులంతో పని లేకుండా 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు ఇస్తున్నారు.

దీన్ని చూసి "తేరగా తింటున్నారు" అనేవాళ్లకి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. రైతులకి అది అవసరమే. కానీ అది పంపుసెట్టుకి వస్తుంది. పంపుసెట్టు ఉండాలంటే బోరుండాలి, బోరుండాలంటే భూమి ఉండాలి. భూమి లేని కులాలకి ఆ ఉచితంలో వాటా లేదు. అక్కడ ఉచితం అంటే హక్కు, వాడలో ఉచితం అంటే బిచ్చం ఎట్లా అవుతుంది?

రెండోది, ఆంధ్రలో ఎస్సీ ఇళ్లకిచ్చే ఈ ఉచితం ఖర్చుని ఎస్సీ సబ్‌ప్లాన్ పద్దులోనే రాస్తున్నారు. సబ్‌ప్లాన్ అంటే జనాభాలో మన భాగానికి తగినట్టు బడ్జెట్‌లో మనకి రావాల్సిన వాటా. దానికి 2013లో చట్టం వచ్చింది. ఆంధ్రలో 2023లో దాని గడువు పొడిగించారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. అంటే కరెంటు కంపెనీకి కట్టేది మన వాటా డబ్బే. ఎవరి జేబులోంచీ తీసిచ్చేది కాదు. ఇంకా అడిగితే, వాడకి బడి, భూమి, హాస్టల్ కోసం ఖర్చు కావాల్సిన పద్దులోంచే ఇది పోతోంది. కాబట్టి కంపెనీ ఆ డబ్బుకి సరైన లెక్క చెప్తోందా అని అడిగే అధికారం మనకుంది.

ఈ ఉచితానికి చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. సెక్షన్ 65 ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్ముని కంపెనీకి ముందే చెల్లించాలి. చెల్లించకపోతే రాయితీ ఆదేశం అమలు కాదు, మండలి ఖరారు చేసిన పూర్తి ధరే వర్తిస్తుంది. అంటే మాట ఇచ్చిన ప్రభుత్వం డబ్బు కట్టకపోతే భారం మళ్లీ ఇంటివాడి మీదే పడే దారి చట్టంలోనే తెరిచి ఉంది. సభలో ప్రకటన చేసిన రోజుతో పని అయిపోదు. సొమ్ము కంపెనీకి చేరిందా లేదా అనేది ఏటేటా అడగాల్సిన సంగతి.

హద్దు దాటితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. గృహజ్యోతిలో 200 యూనిట్లకి బిల్లు సున్నా. 201 అయితే రాయితీ మొత్తం పోతుంది, పైన వేసిన లెక్క ప్రకారం ఎనర్జీ ఛార్జే వెయ్యి దాటుతుంది. ఎండాకాలంలో రీడింగు నాలుగు రోజులు ఆలస్యమైతే జరిగేది ఇదే. ఆంధ్రలో రాయితీని ఎస్సీ కాలనీ, ఎస్టీ తండా అనే నివాసానికి ముడిపెట్టడం వివాదమైంది. వాడ వదిలి టౌనులో అద్దెకున్న దళితుడు దళితుడు కాకుండా పోతాడా? మీటరు చనిపోయిన తాత పేరు మీదో, ఇంటి యజమాని పేరు మీదో ఉండటం ఇంకో చిక్కు. కులం సర్టిఫికెట్, ఆధార్, సర్వీసు నంబరు మూడింట్లో పేరు కలవకపోతే దరఖాస్తు ఆగుతుంది. పేరు మార్పిడి చేయించుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ వాడలో ముందు చేయాల్సిన పని అదే.

బాకీ, కోత

కొన్ని ఇళ్ల బాకీ చూపించి స్తంభం దగ్గర వాడ మొత్తానికి లైను తీసేయడం మనకి తెలియని సంగతి కాదు. కట్టినవాళ్లూ, కట్టనివాళ్లూ, పరీక్షలకి చదివే పిల్లలూ, బాలింతలూ అందరూ ఒకే చీకట్లో ఉంటారు. ఊళ్లో ఎవరైనా బాకీ పడితే ఆ ఇంటి ఫ్యూజే తీస్తారు, వీధి మొత్తం తీయరు. వాడ దగ్గరికి వచ్చేసరికి మనుషులు ఇళ్లుగా కనపడరు, గుంపుగా కనపడతారు.

చట్టం ఇట్లా చెప్పలేదు. సెక్షన్ 56 ప్రకారం బాకీ పడ్డ వ్యక్తికి రాతలో, కనీసం 15 పూర్తి రోజుల నోటీసు ఇచ్చాకే ఆ వ్యక్తి సర్వీసు తీయాలి. బాకీ అనేది ఒక వ్యక్తికీ కంపెనీకీ మధ్య లెక్క. వాడ అనే బాకీదారు చట్టంలో లేడు. బిల్లు మీదే ఆఖరి తేదీ, కోత తేదీ అచ్చేసి దాన్నే నోటీసుగా చూపించే అలవాటుంది. అప్పుడు కూడా బిల్లు చేతికొచ్చిన రోజు నుంచి 15 రోజులు నిండాయా అని లెక్కపెట్టాలి. బిల్లు మీద అందిన తేదీ రాసి పెట్టుకుంటే అది పనికొస్తుంది.

బిల్లు తప్పు అనుకున్నప్పుడు కట్టకుండా ఊరుకోవద్దు. అదే సెక్షన్‌లో ఒక దారి ఉంది. "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసిచ్చి, వాళ్లు అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు బిల్లు గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అది కడితే, తగాదా తేలేదాకా కరెంటు తీయకూడదు. నెలకి 200 వచ్చే ఇంటికి ఒక్కసారి 6,000 బిల్లొస్తే చేయాల్సింది ఇదే. 200 కట్టి రశీదు తీసుకుని, అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి.

పాత బాకీకి కూడా హద్దుంది. ఒక సొమ్ము మొదట కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు గడిస్తే, మధ్యలో ప్రతి బిల్లులోనూ దాన్ని బాకీగా చూపిస్తూ రాకపోతే, ఆ సొమ్ము వసూలు చేయడానికి వీల్లేదు. ఐదేళ్ల కిందటి బాకీ అని ఉన్నట్టుండి చూపిస్తే పాత బిల్లులే మనకి సాక్ష్యం. బాకీ గడి ఖాళీగా ఉన్న బిల్లులుంటే కంపెనీ వాదన నిలవదు. కంపెనీ పొరపాటున తక్కువ బిల్లు వేసి తర్వాత తేడా అడిగితే మాత్రం సంగతి వేరు. 2020లో సుప్రీంకోర్టు దీని మీద తీర్పిచ్చింది. గడువు దాటాక కూడా ఆ తేడా అడగొచ్చు గానీ, దానికోసం కరెంటు తీయకూడదని చెప్పింది. అందుకే బిల్లుల్ని పారేయొద్దు. ఒక తీగకి గుచ్చి ఉంచినా చాలు.

దొంగతనం కేసుల సంగతి వేరు. తీగకి కొక్కెం వేస్తే సెక్షన్ 135 కింద నేరం. ఇంటి కనెక్షన్‌ని దుకాణానికి వాడితే సెక్షన్ 126 కింద అంచనా వేసి రెట్టింపు ధర వేస్తారు. ఈ రెండో దాంట్లో ముందు తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు, దాని మీద అభ్యంతరం చెప్పుకునే హక్కుంది. చాలామంది భయపడి ఆ కాగితం దాచేస్తారు, గడువు దాటిపోతుంది. ఊరి పెద్దల మాట మీద వాడ లైను తీస్తే అది మాత్రం బిల్లు వ్యవహారమే కాదు. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరం.

కట్టే దారులు

బిల్లు కట్టడానికి ఇవాళ చాలా దారులున్నాయి. కంపెనీ వసూలు కౌంటరు ఉంది, మీసేవ ఉంది, కంపెనీ వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి, ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి ఉన్నాయి. ఈ దారులన్నీ అందరికీ ఒక్కలా తెరిచి లేవు. 2024 జూలైలో రిజర్వు బ్యాంకు కొత్త నియమంతో రెండు రాష్ట్రాల్లోనూ ఫోన్‌పే, గూగుల్‌పేల ద్వారా కట్టడం ఆగిపోయింది. కంపెనీ యాప్‌లో కట్టమన్నారు. భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థలో చేరాక మళ్లీ మొదలైంది. ఫోనున్నవాళ్లకి అది కొన్నాళ్ల ఇబ్బంది. ఫోను లేని ముసలామెకి అసలు దారి కౌంటరు ఒక్కటే. కౌంటరు మండల కేంద్రంలో ఉంటే, 150 రూపాయల బిల్లు కట్టడానికి ఒక పూట కూలీ, ఆటో ఛార్జీ పోతాయి. బిల్లు ధరలో ఇది కనపడదు గానీ వాడకి ఇది కూడా ధరే.

అందుకే కొన్ని జాగ్రత్తలు. ఎవరి చేతికీ రశీదు లేకుండా డబ్బివ్వొద్దు, తెలిసినవాడైనా సరే. ఫోన్లో కడితే సర్వీసు నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఇంకొకరి నంబరుకి పోయిన సొమ్ము వెనక్కి రావడం కష్టం. పెద్ద బాకీ ఉంటే వాయిదాలు అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆఫీసరు ఇష్టమే అయినా, ఇస్తే మాత్రం ఎన్ని వాయిదాలో, ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. మీటరు దగ్గరికి రాకుండా అంచనా బిల్లు వేస్తే, ఆర్థిక సంవత్సరంలో రెండు బిల్లులకి మించి అట్లా వేయకూడదని 2020 నాటి వినియోగదారుల హక్కుల నియమాలు చెప్తున్నాయి.

అదనపు డిపాజిట్, అంటే ఏసీడీ అడిగితే భయపడొద్దు. అది మన పేరు మీద కంపెనీ దగ్గరుండే సొమ్ము. సెక్షన్ 47 ప్రకారం దానికి బ్యాంకు రేటుకి తగ్గకుండా వడ్డీ ఇవ్వాలి. ఆ వడ్డీ బిల్లులో కలిపారా అని చూసుకోవాలి.

పట్టా లేని ఇల్లు

"పట్టా తెస్తేనే మీటరు" అని వెనక్కి పంపడం చాలా చోట్ల జరిగే పని. సెక్షన్ 43లో కనెక్షన్ అడిగే హక్కు "యజమానికి లేదా నివసించేవాడికి" అని ఉంది. ఆ "లేదా" అన్న మాటలోనే మనం ఉన్నాం. అద్దెకున్న వాళ్లకి ఇంటి యజమాని ఒప్పుకోలేదని కరెంటు నిరాకరించకూడదని, అడిగిన మనిషి ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా అన్నదే చూడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కరెంటు మనిషికి కనీస వసతి అని కూడా చెప్పింది. 2024లో సవరించిన నియమాల ప్రకారం అన్ని కాగితాలతో దరఖాస్తు చేశాక పల్లెల్లో 15 రోజుల్లో, మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన జాగా మీద హక్కు రాదు, నిజమే. కానీ ఆ బిల్లు మనం అక్కడ ఉంటున్నామని చెప్పే కాగితం అవుతుంది.

ఎక్కడ అడగాలి?

ఫిర్యాదుకి ముందు 1912 నంబరుకి ఫోను చేయొచ్చు, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. స్థానిక ఆఫీసులో తేలకపోతే ప్రతి పంపిణీ సంస్థలోనూ సెక్షన్ 42 కింద వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. ఇంటివాళ్ల తరఫున వినియోగదారుల సంఘం కూడా అడగొచ్చు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. దొంగతనం, సెక్షన్ 126 కేసులు మాత్రం ఈ వేదిక ముందుకి రావు.

ఇవన్నీ బిల్లు వచ్చాక చేసే పనులు. బిల్లు ధర తయారయ్యే చోటు వేరే ఉంది. కంపెనీలు ఏటా నవంబరు ఆఖరుకి వచ్చే ఏడాది ఖర్చుల అంచనా, కొత్త ధరల ప్రతిపాదన మండలికి ఇస్తాయి. సెక్షన్ 64 ప్రకారం దాన్ని పత్రికల్లో ప్రకటించాలి, జనం చెప్పే అభ్యంతరాలు విన్నాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ బహిరంగ విచారణల్లో పరిశ్రమల సంఘాలు మాట్లాడతాయి, రైతు సంఘాలు మాట్లాడతాయి, రాజకీయ పార్టీలు మాట్లాడతాయి. వాడ తరఫున మాట్లాడే గొంతు ఎప్పుడో గానీ వినపడదు. గుంపుల పద్ధతి తీసేయమని, రీడింగు రోజులకి స్లాబు సర్దమని, 201వ యూనిట్‌కి రాయితీ మొత్తం పోగొట్టే హద్దుని మార్చమని, వాడ ఉమ్మడి కోతలు ఆపమని, వాడల చివర వోల్టేజి కొలిచి ట్రాన్స్‌ఫార్మర్ వేయమని అడగాల్సిన చోటు అదే. అడిగిన ప్రతి అభ్యంతరమూ, దానికి కంపెనీ ఇచ్చిన జవాబూ మండలి ఉత్తర్వులో నమోదవుతాయి. అడగని ప్రశ్నకి జవాబు రాదు.

దీనికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు లెక్కల క్లాసులో తమ ఇంటి బిల్లు తెచ్చి స్లాబు లెక్క తామే వేయొచ్చు, టీచరు దిద్దొచ్చు. కాలేజీ విద్యార్థులు సెలవుల్లో ఒక వాడలో ప్రతి ఇంటివీ ఏడాది బిల్లులు తీసుకుని రోజుల తేడా, బాకీ గడి, డిపాజిట్ వడ్డీ ఒక నోటు పుస్తకంలో రాయొచ్చు. కార్యకర్తలు ఆ పుస్తకం పట్టుకుని జనవరిలోపు మండలికి అభ్యంతరం పంపొచ్చు. "కాలనీ వాళ్లు కట్టరు" అనే మాట మళ్లీ ఎవరన్నా అంటే ఆ పుస్తకం తెరిచి, ఎవరు ఎంత కట్టారో, ప్రభుత్వం ఎంత కట్టాలో, కంపెనీ ఎంత ఎక్కువ తీసుకుందో వరస ప్రకారం చదివి వినిపించాలి.